శిశువు శ్వాస కండరానికి బలం ఎలా వస్తుంది?

బిడ్డ తొలి శ్వాస పీల్చేనాటికే ఉదరవితానానికి, అంటే డయాఫ్రంకు, నెలల తరబడి సాధన ఉంటుంది. గర్భంలో సుమారు 10, 11 వారాల నుంచే శ్వాస లాంటి కదలికలు మొదలవుతాయి. అప్పుడు ఊపిరితిత్తుల్లో ఉండేది గాలి కాదు, ద్రవం. ఈ కండరాన్ని నడిపే ఫ్రెనిక్ నాడి మెడ భాగంలోని 3, 4, 5 వెన్ను నాడుల నుంచి పుడుతుంది. పరీక్షలో జవాబు రాయడానికి ఈ అంకెలు గుర్తుంచుకోవాలి.

బలం పెరగడానికి అసలు కీలకం మయోసిన్ ప్రొటీన్. కండర తంతువుల్లో మొదట పిండ దశ, నవజాత దశ మయోసిన్ రూపాలు ఉంటాయి. పుట్టాక క్రమంగా వాటి స్థానంలోకి వయోజన రూపాలు వస్తాయి. తంతువు లావెక్కుతుంది. అంతేకాదు, తంతువులో మయోసిన్ సాంద్రత కూడా పెరగడంతో, అంతే మందానికి మునుపటికన్నా ఎక్కువ బలం వస్తుంది. ఎలుక పిల్లల డయాఫ్రంపై జరిగిన ప్రయోగాల్లో ఇది స్పష్టంగా తేలింది. పరిమాణం పెరుగుదల ఒక్కటే రాస్తే అది సగం జవాబే.

బలం వేరు, ఓర్పు వేరు. అలసటను తట్టుకునే టైప్-1 తంతువులు నెలలు నిండని శిశువు డయాఫ్రంలో దాదాపు 10 శాతం, నెలలు నిండి పుట్టినవారిలో 25 శాతం, పెద్దల్లో 50-55 శాతం ఉంటాయి. పైగా పసివారి పక్కటెముకలు మెత్తగా, దాదాపు అడ్డంగా ఉంటాయి గనుక శ్వాస భారం ఎక్కువగా డయాఫ్రం మీదే పడుతుంది.

37 వారాలకు ముందే పుట్టిన బిడ్డలు శ్వాసలో త్వరగా అలసిపోవడానికి టైప్-1 తంతువులు తక్కువగా ఉండటం ఒక కారణం. ఊపిరితిత్తుల్లోని గాలి గదులు ముడుచుకుపోకుండా చూసే సర్ఫాక్టెంట్ అనే పదార్థం కొరత మరొకటి. జవాబులో ఈ రెండింటినీ కలిపేయకుండా విడివిడిగా రాయండి.