హెడర్‌లో అంకె మారదేం?

అమీర్‌పేటలో కోర్సు ముగించి మాదాపూర్‌కో గచ్చిబౌలికో ఇంటర్వ్యూకి వెళ్లే యాంగ్యులర్ అభ్యర్థులను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "ఒకదానికొకటి సంబంధం లేని రెండు కాంపొనెంట్ల మధ్య డేటా ఎలా పంపుతారు?" చాలామంది తడుముకోకుండా "సర్వీస్‌లో బిహేవియర్‌సబ్జెక్ట్ పెడతాను సార్" అంటారు. జవాబు సరైనదే. "మామూలు సబ్జెక్ట్ పెడితే ఏమవుతుంది?" అని రెండో ప్రశ్న పడగానే గొంతులో పచ్చి వెలక్కాయ పడుతుంది.

కాంపొనెంట్ల మధ్య తల్లీపిల్లల సంబంధం ఉంటే ఇన్‌పుట్, అవుట్‌పుట్ చాలు. అబ్జర్వబుల్ దాకా వెళ్లనక్కర్లేదు. షాపింగ్ యాప్‌లో ప్రొడక్ట్ పేజీలో వస్తువు జోడించగానే పైన హెడర్‌లో కార్ట్ అంకె మారాలంటేనే ఉమ్మడి సర్వీస్ కావాలి. ఆ సర్వీస్‌లో సబ్జెక్ట్ పెట్టి చూడండి. మొదటి నుంచీ సబ్‌స్క్రయిబ్ అయి ఉన్న హెడర్‌లో అంకె మారుతుంది. తర్వాత తెరిచిన కార్ట్ పేజీ మాత్రం ఖాళీగా కనిపిస్తుంది. రాయదుర్గం మెట్రో స్టేషన్‌లో అనౌన్స్‌మెంట్ అప్పటికే అక్కడున్నవాళ్లకే వినిపిస్తుంది, డిస్‌ప్లే బోర్డు ఆలస్యంగా వచ్చినవాళ్లకూ తాజా సమాచారం చూపిస్తుంది. సబ్జెక్ట్ మొదటిది, బిహేవియర్‌సబ్జెక్ట్ రెండోది. బోర్డు ఎప్పుడూ ఏదో ఒకటి చూపించాలి కాబట్టే దానికి తొలి విలువ తప్పనిసరి.

ఇంత చెప్పగలిగితే సగం గట్టెక్కినట్టే. అయితే పేజీ రిఫ్రెష్ చేస్తే బిహేవియర్‌సబ్జెక్ట్‌లోని విలువ పోతుంది, ఎందుకంటే అది ఉండేది బ్రౌజర్ మెమరీలోనే. నిలవాలంటే లోకల్ స్టోరేజ్‌లోనో సర్వర్‌లోనో దాచాలి. ఇక సర్వీస్‌ను రూట్ స్థాయిలో కాకుండా ఒక్కో కాంపొనెంట్ ప్రొవైడర్లలో రాస్తే ఎవరి కాపీ వాళ్లదే. ఇక్కడ పంపింది అక్కడికి చేరదు, ఎర్రర్ కూడా రాదు. కొత్తగా చేరినవాళ్ల పుణ్యకాలమంతా హరించే బగ్ ఇదే!

పేజీ మూసేటప్పుడు చేయాల్సిన అన్‌సబ్‌స్క్రయిబ్ సంగతి కంటితో చూస్తేనే బుర్రకెక్కుతుంది. కార్ట్ పేజీలో సబ్‌స్క్రయిబ్ చేసి, లోపల ఒక కన్సోల్ లాగ్ రాయండి. అయిదుసార్లు ఆ పేజీకి వెళ్లి రండి. ఇప్పుడు ఒక్క వస్తువు జోడిస్తే కన్సోల్‌లో అయిదు లైన్లు పడతాయి. మూసేసిన పేజీలు కూడా ఇంకా వింటూనే ఉన్నాయన్నమాట. టెంప్లేట్‌లో అసింక్ పైప్ వాడితే ఆ బెడద ఉండదు. కోడ్‌లోనే సబ్‌స్క్రయిబ్ చేయాల్సి వస్తే, యాంగ్యులర్ 16లో వచ్చిన టేక్‌అన్‌టిల్‌డిస్ట్రాయ్డ్ ఉంది.

"ఇప్పుడు సిగ్నల్స్ వచ్చాయి కదా, ఇవన్నీ ఎందుకు?" అని అడిగేవాళ్లున్నారు. సిగ్నల్స్ 2023లో ఆ 16వ వెర్షన్‌తోనే పరిచయమయ్యాయి. ఇలాంటి కార్ట్ అంకెకు అవే సులువు, అవీ నేర్చుకోండి. కానీ 2016లో యాంగ్యులర్ 2 వచ్చినప్పటి నుంచీ ఈ సబ్జెక్ట్, అబ్జర్వబుల్ అందించే ఆర్‌ఎక్స్‌జేఎస్ లైబ్రరీ దానితోనే ఉంది. హెచ్‌టీటీపీ క్లయింట్ ఈనాటికీ ఇచ్చేది అబ్జర్వబులే. ఫ్రెషర్‌కు కొత్త కోడ్ రాసే అవకాశం కంటే, ఎవరో రాసి వెళ్లిన పాత కోడ్ చేతికి రావడమే ఎక్కువ.

సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లో అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల వైటూకే, మెయిన్‌ఫ్రేమ్ కోర్సుల జోరు. ఇప్పుడు బోర్డుల నిండా ఫుల్ స్టాక్. మారనిది ఒకటుంది: డబ్బు కడితే మూడేళ్ల ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామనే కన్సల్టెన్సీలు. మూడేళ్లు పనిచేశానని చెప్పుకున్నవాళ్లకు ఆ అయిదు లైన్ల సంగతి తెలియకపోతే ఇంటర్వ్యూ చేసేవాళ్లకు విషయం ఇట్టే అర్థమవుతుంది. ఇంటర్వ్యూ దాటినా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉండనే ఉంది. కన్సల్టెన్సీలకు కట్టే డబ్బు దగ్గరుంచుకోండి. ఈ వారాంతం కూర్చుని ఆ చిన్న కార్ట్ యాప్ రాయండి, పైన చెప్పిన తప్పులన్నీ కావాలనే చేసి చూడండి, సరిచేసిన కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టి లింకు రెజ్యూమేలో ఇవ్వండి.