మూరెడు దారం – ముప్ఫై రెండు పళ్ళు

ఆరోగ్యమే మహాభాగ్యమన్నారు పెద్దలు. కానీ నొప్పి లేచిన రాత్రి తప్ప మనకు పళ్ళ సంగతి గుర్తుండదు. మా ఇంట్లో మేము ఐదుగురం. నాయనమ్మ, అమ్మ, నాన్న, మేమిద్దరం అక్కాచెల్లెళ్ళం. హాస్టల్లో చేరాకే మేము వేపపుల్ల వదిలి బ్రష్ పట్టుకున్నాం. పంటి సందులో ఏదైనా ఇరుక్కుంటే చీపురుపుల్ల, అగ్గిపుల్ల, అమ్మ గాజులకు తగిలించిన పిన్నీసు మాకు పరికరాలు.

నాన్నకు షుగరుంది. నిరుడు ఆయన దవడ పళ్ళు రెండు కదిలిపోతే తీయించాల్సి వచ్చింది. నాలుగు రోజుల కూలి పోయింది. "మిగిలినవైనా నిలవాలంటే రోజూ సందుల్లో దారంతో శుభ్రం చేసుకోండి" అన్నారు డాక్టరు గారు. ఆ దారమే ఫ్లాస్.

దారం ఎందుకు?

దవడ పంటికి ఐదు వైపులుంటాయి. బుగ్గ వైపు, నాలుక వైపు, నమిలే వైపు బ్రష్‌కు అందుతాయి. పక్క పళ్ళను ఆనుకున్న రెండు వైపులూ సరిగా అందవు. అక్కడ సూక్ష్మజీవులు జిగురు పొరగా పేరుకుంటాయి. దీనిని ప్లాక్ అంటారు. ఈ సూక్ష్మజీవులు మనం తిన్న తీపిని ఆమ్లంగా మారుస్తాయి. ఆ ఆమ్లం ఎనామిల్‌ను కరిగిస్తే పన్ను పుచ్చుతుంది. తీయకుండా వదిలేసిన ప్లాక్ లాలాజలంలోని ఖనిజాలతో గట్టిపడి గార అవుతుంది. గారను బ్రష్ తీయలేదు, డాక్టరే తీయాలి. చిగుళ్ళ జబ్బు ముదిరితే పంటి కింది ఎముక తరిగి పన్ను కదులుతుంది. షుగరు ఈ జబ్బును పెంచుతుంది, ఈ జబ్బు షుగరును అదుపు తప్పిస్తుంది.

ఇది కొత్త సంగతేమీ కాదు. అమెరికా దంతవైద్యుడు లెవీ స్పియర్ పార్మ్లీ 1819లోనే మైనం పూసిన పట్టుదారం వాడమని పుస్తకంలో రాశాడు. 2019లో కాక్రేన్ సంస్థ పాత పరిశోధనలన్నిటినీ సమీక్షించింది. బ్రష్‌తో పాటు ఫ్లాస్ వాడితే చిగుళ్ళ వాపు తగ్గవచ్చని, అయితే ఆధారాలు అంత బలంగా లేవని చెప్పింది.

మా ఇంటి తంటాలు

మొదటి రాత్రి నాన్న దారాన్ని చూసి "చేపలు పట్టడానికా?" అన్నారు. అమ్మకు చిగురు నుంచి రక్తం వచ్చింది. "రక్తం కారుతుంటే ఆరోగ్యమంటారేమిటే?" అని కోప్పడింది. చిగురు వాచి ఉంది కాబట్టే రక్తం వచ్చిందని, మానేస్తే తగ్గదని నచ్చజెప్పాం. పది రోజుల్లో ఆగిపోయింది. రెండు వారాలైనా ఆగకపోతే డాక్టరుకు చూపించాలి. నాయనమ్మనూ రమ్మన్నాం. "నా నోట్లో అంతా సందేనే, ఏ దారం నిలుస్తుంది?" అని బోసినోటితో నవ్వింది.

50 మీటర్ల డబ్బీ మా నలుగురికీ 27 రోజులే వచ్చింది. పొదుపు చేద్దామని కుట్టుమిషన్ దారం ప్రయత్నించాం. అది తెగి నాన్న పంటి సందులోనే ఉండిపోయింది! మళ్ళీ ఆ పని చేయలేదు. చెల్లి క్యాలెండర్లో టిక్కులు పెట్టి, మరిచిన వారికి రూపాయి జరిమానా వేసింది. నాట్ల రోజుల్లో నాన్న అన్నం తింటూనే నిద్రపోయేవారు. జరిమానా డబ్బులతోనే రెండో డబ్బీకి సగం వచ్చింది!

వాడే పద్ధతి

1. సుమారు 45 సెంటీమీటర్ల దారం తీసుకోవాలి. అమ్మ పూలు కొలిచినట్టు చేత్తో కొలుస్తుంది. సరిగ్గా మూర!
2. రెండు నడిమి వేళ్ళకు చుట్టి, మధ్యలో కొద్దిగా బిగువుగా వదలాలి.
3. మెల్లగా సందులోకి దించాలి. గట్టిగా లాగితే చిగురు తెగుతుంది.
4. పంటిని చుట్టినట్టు వంచి, పైకీ కిందికీ రుద్దాలి. పక్క పంటికీ అలాగే.
5. ప్రతి సందుకూ దారంలో శుభ్రమైన భాగం వాడాలి.

రాత్రి పడుకునే ముందైతే మంచిది. బ్రష్ మానకూడదు, పిన్నీసు ముట్టకూడదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మన ఇళ్ళలో పన్ను నొప్పికి మందు, పన్ను పీకించుకోవడమే. నాయనమ్మకు ఈ సంగతి చెప్పేవారు లేకపోయారు. నాన్నకు ఆలస్యంగా తెలిసింది. మీకు ఇప్పుడే తెలిసింది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఈ పాఠాన్ని కూడా తీసుకువెళ్ళండి. మీ వాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఆ నవ్వులో పళ్ళుండాలనే కదా మన ప్రయత్నమంతా!