రక్తస్రావము: గాయము దోషమా? రక్తము దోషమా?

కత్తిపీటకు వ్రేలు తెగినను, ఆటలో పిల్లవాని మోచేయి చెక్కుకొనిపోయినను మన ఇండ్లలో ముందుగా చేతికి వచ్చునది పసుపు డబ్బా. చిటికెడు పసుపు అద్ది, గుడ్డతో అదిమి పట్టిన కొన్ని నిమిషములలో నెత్తురు నిలుచును. పసుపు నిలిపినదని సంతసింతుము. నిజమునకు ఆ పనిలో అధికభాగము చేసినది మన రక్తమే. పసుపు, పటిక, చన్నీరు దానికి సహాయకులు. రక్తమునకు గడ్డకట్టు శక్తియే కొరవడినపుడు ఏ పొడియు, ఏ పసరును దానిని నిలుపజాలదు. ఈ భేదమును గుర్తింపక నేను చేసిన ఒక పొరపాటును ముందుగా చెప్పి, పిమ్మట విషయములోనికి వచ్చెదను.

ఒక అనుభవము

మొయినాబాద్ మండలములోని హిమాయత్‌నగర్‌లో నేను వైద్యము ఆరంభించిన తొలినాళ్ళవి. ఒక తల్లి ఐదేండ్ల కుమారుని చంకనెత్తుకొని వచ్చినది. బాలుని కుడి మోకాలు వాచి, వేడిగా ఉండెను. దెబ్బ తగిలిన జాడ లేదు. వాతదోషమని తలచి గోరువెచ్చని నూనెతో మర్దనము, ఆముదపు ఆకుల కాపడము చెప్పి పంపితిని. మూడవనాటికి వాపు ఇనుమడించెను. బాలుడు కాలు చాపలేక ఏడ్చుచుండెను. అప్పుడు గాని వాని తొడపై, వీపుపై ఉన్న నీలిమచ్చలు నా కంటబడలేదు. "మీ పుట్టింట ఎవరికైనా ఇట్లుండెనా?" అని అడిగితిని. ఆమె చెప్పిన మాట నేటికిని నా చెవులలో ఉన్నది: "మా తమ్మునికి గిట్లనే మచ్చలు వచ్చేటియి సారూ. పన్ను ఊడితే రెండు దినాలు నెత్తురు ఆగలె. ఏడేండ్లకే పోయిండు."

వెంటనే నగరములోని ఆసుపత్రికి పంపితిని. పరీక్షలో హీమోఫీలియా అని తేలెను. కీలు లోపల నెత్తురు కారుచుండగా నేను వేడిచేసి మర్దనము చేయించితిని! ఆ రెండును రక్తస్రావమును పెంచునవే. లోపించిన ఫాక్టరును ఎక్కించిన పిదప వాపు తగ్గినది కాని, ఆ మోకాలు మరల పూర్తిగా చాపుటకు రాలేదు. నాటినుండి మగపిల్లవానికి కీలు వాచినదని వచ్చిన ప్రతి తల్లిని, తైలము మాట ఎత్తుటకు ముందు, ఆ బిడ్డ మేనమామను గూర్చి అడుగుచున్నాను.

రక్తము ఎట్లు గడ్డకట్టును?

చెరువుకట్టకు గండి పడినపుడు ఊరివారు ఏమి చేయుదురో తలచుకొనుడు. మొదట నీటి వేగమును తగ్గింతురు. తరువాత రాళ్ళు వేయుదురు. రాళ్ళు కొట్టుకొనిపోకుండ కంపను అల్లి, మట్టితో బిగింతురు. శరీరములోను ఇట్లే మూడు పనులు జరుగును. తెగిన రక్తనాళము ముడుచుకొనును. ప్లేట్‌లెట్లు అను సూక్ష్మకణములు వచ్చి రాళ్ళవలె గండికి అడ్డుపడును. ఆపైన రక్తములోని ఫాక్టరులు ఒకదానినొకటి మేల్కొల్పుచు, తుదకు ఫైబ్రిన్ అను దారముల వలను అల్లి ఆ అడ్డును బిగించును.

ఆరోగ్యవంతుల రక్తములో ప్లేట్‌లెట్లు మైక్రోలీటరునకు 1.5 లక్షల నుండి 4.5 లక్షల వరకు ఉండును. ఫాక్టరులకు 1 నుండి 13 వరకు అంకెలు కలవు. 6వ అంక వాడుకలో లేదు. వీనిలో అధికభాగము కాలేయములో తయారగును. 2, 7, 9, 10 ఫాక్టరులు పనిచేయుటకు విటమిన్ కె అవసరము. పుట్టిన శిశువులో ఈ విటమిన్ బహు స్వల్పము. కావుననే కాన్పు అయిన వెంటనే ఆ సూది ఇత్తురు. దానిని వద్దనరాదు.

సుశ్రుతుని నాలుగు ఉపాయములు

సుశ్రుతసంహిత సూత్రస్థానము 14వ అధ్యాయములో నెత్తురును నిలుపుటకు నాలుగు ఉపాయములు చెప్పబడినవి. వగరు ద్రవ్యములతో గాయపు అంచులను కలుపుట సంధానము. చల్లదనముచే రక్తమును చిక్కబరచుట స్కందనము. భస్మముతో గాయమును ఎండబెట్టుట పాచనము. తక్కినవి విఫలమైనపుడు నాళమును కాల్చి ముడుచుకొనునట్లు చేయుట దహనము. మన పటిక, మర్రిబెరడు మొదటి కోవకు, చన్నీటి గుడ్డ రెండవ కోవకు చెందినవి. నేటి శస్త్రవైద్యులు విద్యుత్తుతో నాళములను కాల్చుట నాల్గవ దానికి సన్నిహితము.

ఈ నాలుగును గాయముపై చేయు ఉపాయములని గమనింపవలెను. గాయము లేకయే వెలువడు నెత్తురును మన శాస్త్రము రక్తపిత్తమని వేరుగా పరిగణించినది. ముక్కు, నోరు మొదలగు పై మార్గముల వెలువడునది సాధ్యమనియు, క్రింది మార్గముల వెలువడునది యాప్యమనియు, రెండు వైపులా వెలువడునది అసాధ్యమనియు చరకుడు హెచ్చరించెను. ప్రతి రక్తస్రావమును ఒక్క చిట్కాతో నిలుపవచ్చునని ప్రాచీనులు చెప్పలేదు.

రక్తమే దోషమని తెలుపు గుర్తులు

1. దెబ్బ లేకయే, లేదా స్వల్పమైన దెబ్బకే పెద్ద నీలిమచ్చలు ఏర్పడుట.
2. పన్ను ఊడినను, చెవులు కుట్టించినను, సుంతీ చేసినను గంటల తరబడి నెత్తురు కారుట. నిలిచినట్లే నిలిచి మరల ఆరంభమగుట.
3. నడక నేర్చిన మగబిడ్డకు మోకాలు, చీలమండ, మోచేయి తరచుగా వాచుట.
4. నవజాత శిశువు బొడ్డునుండి నెత్తురు స్రవించుట. ఇది 13వ ఫాక్టరు లోపము కావచ్చును. ఈ లోపమున్నపుడు సామాన్యముగా చేయు గడ్డకట్టు పరీక్షలు సరిగానే వచ్చును. ప్రత్యేక పరీక్ష కోరవలెను.
5. రజస్వల అయిన నాటినుండి ఆడపిల్లకు ఋతుస్రావము 7 దినములు మించుట, గంటకొకసారి గుడ్డ మార్చవలసి వచ్చుట.

ఈ ఐదవదానిని తల్లులు "మా వంశములో అందరికీ ఇంతే" అని త్రోసివేయుదురు. వంశములో ఉండుటయే పరీక్ష చేయించుటకు కారణము. ఫిన్‌లాండు వైద్యుడు ఎరిక్ ఫాన్ విల్లెబ్రాండ్ 1926లో ఇట్టి వ్యాధినే ఒక కుటుంబములో గుర్తించి ప్రకటించెను. ఆయన మొదట పరీక్షించిన బాలిక 13వ ఏట, తన నాల్గవ ఋతుస్రావములో నెత్తురు నిలువక మరణించెను. నేడు ఈ వ్యాధి ఆయన పేరనే వ్యవహరింపబడుచున్నది. దీనికి చికిత్స కలదు. అశోకారిష్టము త్రాగించుచు సంవత్సరములు గడపుటకంటె ఒక రక్తపరీక్ష మేలు.

మేనమామ, మేనరికము

హీమోఫీలియా ఎ యందు 8వ ఫాక్టరు, బి యందు 9వ ఫాక్టరు లోపించును. ఎ రకము సుమారు 5,000 మగ శిశువులలో ఒకరికి కలుగును. లోపము తల్లి ద్వారా వచ్చి, సాధారణముగా కుమారునిలో బయటపడును. వాహకురాలైన తల్లికి కలుగు ప్రతి మగబిడ్డకు వ్యాధి వచ్చుటకు సగము అవకాశము. ప్రతి ఆడబిడ్డ వాహకురాలగుటకు సగము అవకాశము. వ్యాధి ఉన్న తండ్రికి పుట్టిన కుమారులకు అతని నుండి వ్యాధి రాదు, కుమార్తెలందరును వాహకులగుదురు. సుమారు మూడవవంతు రోగులలో కుటుంబ చరిత్ర ఏమియు కనబడదు. కావున తల్లిని నిందించుట అజ్ఞానము.

మన ప్రాంతములో అక్క కూతురిని వివాహమాడు ఆచారము ఇంకను కలదు. వ్యాధిగ్రస్తుడు తన అక్క కూతురినే పెండ్లాడినపుడు, ఆమెయు వాహకురాలైనచో, వారి ఆడబిడ్డలకు సైతము వ్యాధి రావచ్చును. 7, 10, 13 ఫాక్టరుల లోపములు తల్లిదండ్రులిరువురి నుండి సంక్రమించును. మేనరికపు సంతానములో ఇవి హెచ్చు. ఇంటిలో ఇట్టి రోగి ఉన్నపుడు సంబంధము నిశ్చయించుకొనుటకు ముందే జన్యుపరీక్ష గూర్చి వైద్యుని సంప్రదింపుడు.

పొలములో పొంచియున్న దోషము

పుట్టుకతో వచ్చు లోపమును గూర్చి చెప్పితిని. ఆరోగ్యవంతుని రక్తము సైతము కొద్ది గంటలలోనే గడ్డకట్టు శక్తిని కోల్పోవు సందర్భము కలదు. అది రక్తపింజర కాటు. రాత్రివేళ నీరు పెట్టుటకు పొలమునకు పోవు చేవెళ్ల, మొయినాబాద్ రైతులకు ఇది ఎరుకే.

ఈ పాము కథలో తెలుగునాడు ఉన్నది. విశాఖపట్టణమున నివసించి కోరమాండల్ తీరపు పాములను పరిశోధించిన ప్యాట్రిక్ రస్సెల్ 1796లో తన గ్రంథమును లండనులో ప్రకటించెను. అందులో ఈ పామును తెలుగువారు పిలిచిన "కాటుక రేకుల పొడ" అను పేరుతోనే పేర్కొనెను. మరుసటి సంవత్సరము శాస్త్రజ్ఞులు దానికి రస్సెల్ పేరు పెట్టిరి.

దీని విషము 10వ, 5వ ఫాక్టరులను ఒక్కసారిగా రేపును. శరీరములోని ఫాక్టరులన్నియు వృథాగా ఖర్చయిపోయి, రక్తము నీరువలె మిగులును. చిత్రమేమనగా, 1934లో ఇంగ్లండులో మాక్‌ఫార్లేన్ అను వైద్యుడు, తన సహచరునితో కలిసి, ఇదే విషమును బహు పలుచగా కలిపి హీమోఫీలియా రోగుల గాయములపై అద్ది నెత్తురును నిలిపెను. ఆయనయే 1964లో ఫాక్టరులు గొలుసువలె పనిచేయు క్రమమును వివరించెను. నేటికిని ఒకవిధమైన రక్తపరీక్షలో ఈ విషమును వాడుచున్నారు.

కాటు పడిన వానికి ఆసుపత్రిలో చేయు తొలి పరీక్ష అతి సులభము. 2 మి.లీ. రక్తమును శుభ్రమైన, పొడి గాజు గొట్టములో తీసి 20 నిమిషములు కదల్పక ఉంచి, పిదప ఒంచి చూతురు. గడ్డకట్టక జారినచో విషము రక్తమునకెక్కినదని అర్థము. అప్పుడు పనిచేయునది విషహరపు సూది ఒక్కటే. కాటును కోయుట, పీల్చుట, త్రాటితో బిగించుట, పసరు పోయుట కూడదు. గడ్డకట్టని రక్తమున్న వానిని కోసినచో ఆ కోతయే ప్రాణాంతకము. కాలు కదల్పక వాహనములో ఆసుపత్రికి చేర్పుడు.

ఇంట చేయదగినవి

ముక్కునుండి రక్తము: తల వెనుకకు వాల్చరాదు, నెత్తురు గొంతులోనికి పోవును. కూర్చుండబెట్టి తల కొంచెము ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగమును గడియారము చూచుచు 10 నిమిషములు వదలక అదుముడు. నొసట చన్నీటి గుడ్డ వేయుడు. రెండు పర్యాయములు అదిమినను నిలువనిచో ఆసుపత్రికి పోవలెను.

చిగుళ్ళనుండి రక్తము: 20 గ్రాముల మర్రిబెరడును రెండు గ్లాసుల నీటిలో ఒక గ్లాసు మిగులునట్లు మరగించి, వడగట్టి, చల్లార్చి దినమునకు రెండుసార్లు పుక్కిలింపుడు. చేవెళ్ల దారి పొడవున ఉన్న మర్రిచెట్లు మనకు పెద్దల ఆస్తి. రాలిన కొమ్మల బెరడునే తీసికొనుడు, మానును చెక్కవలదు. ఆహారములో ఉసిరి, జామ చేర్పుడు. పది దినములలో తగ్గనిచో దంతవైద్యుని, రక్తపరీక్షను ఆశ్రయింపుడు.

చిన్న గాయము: శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదుముట అన్నిటికంటె మిన్న. పటిక పైపూతకు మాత్రమే.

కూడనివి

రక్తస్రావ దోషమున్నవారికి ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ మాత్రలు, కండలో సూదులు, మర్దనము, జలగలు, సిరావ్యధము నిషిద్ధములు. గుండె కవాటము మార్పించుకొని రక్తమును పలుచబరచు మాత్రలు వాడువారు పాలకూర, తోటకూర, మునగాకు మానవలసిన పని లేదు. ఆకుకూరలలో విటమిన్ కె మెండు గావున ప్రతివారము ఇంచుమించు ఒకే పరిమాణములో తినవలెను. వారు వైద్యునికి చెప్పక మూలికలు వాడరాదు.

డెంగీ జ్వరములో బొప్పాయి ఆకు రసమును గూర్చి పలువురు అడుగుచున్నారు. మలేసియాలో 228 మంది రోగులపై జరిగి 2013లో వెలువడిన పరీక్షలో, రసము త్రాగినవారికి ప్లేట్‌లెట్లు త్వరగా పెరిగినట్లు తేలెను. కాని డెంగీలో ప్రాణము తీయునది తరచుగా నాళములనుండి నీరు కారిపోవుట. రసము త్రాగించి, కడుపునొప్పి, వాంతులు, మగత ఉన్న రోగిని ఇంట నిలుపుట తగదు.

నేటి పరిశోధన

జపానులో ఒకామోటో దంపతులు 1962లో కనుగొన్న ట్రానెగ్జామిక్ ఆమ్లము ఏర్పడిన గడ్డ కరగిపోకుండ కాపాడును. 20,060 మంది బాలింతలపై జరిగి 2017లో వెలువడిన పరీక్షలో, కాన్పు అయిన 3 గంటల లోపల ఇచ్చినచో రక్తస్రావ మరణములు సుమారు మూడవవంతు తగ్గినవి. రాయలసీమ వాసులెందరో వైద్యమునకు పోవు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో తీవ్రమైన హీమోఫీలియా ఎ ఉన్న 5గురికి జన్యుచికిత్స జరిపి, ఆ వివరములను 2024 డిసెంబరులో ప్రకటించిరి. వారి రక్తకణముల మూలములలోనే 8వ ఫాక్టరు జన్యువును చేర్చిరి. పరిశీలించిన కాలములో వారికి రక్తస్రావములు కలుగలేదు. ఐదుగురే గావున దీనిని అందరికి అందుబాటైన చికిత్సగా భావింపరాదు. నేటికి మనకు ఆధారము ఫాక్టరు ఎక్కించుట, సకాలములో గుర్తించుట. 2016 వికలాంగుల హక్కుల చట్టములో హీమోఫీలియా చేర్చబడినది. హీమోఫీలియా సొసైటీ హైదరాబాదు శాఖ రోగుల కుటుంబములకు దారి చూపగలదు.

పాఠకులారా! పసుపు డబ్బాను దూరము చేయుమని నేను చెప్పుటలేదు. దానిని తెరచుచున్నపుడే గడియారము వైపు ఒకసారి చూడుడు. పది నిమిషములు అదిమినను నిలువని నెత్తురు, దెబ్బ లేక వాచిన కీలు, చిన్ననాటనే పోయిన మేనమామ: ఈ మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నను డబ్బా మూసి, బిడ్డను ఎత్తుకొని ఆసుపత్రికి బయలుదేరుడు.