ఎఱ్ఱ అక్షరమును, లేచిపోయినదను మాటయు

కొంతకాలము క్రిందట గవర్నరుపేటలోని మా కచేరిగదికి ఒక తండ్రియు, ఆయన అల్లుడును వచ్చిరి. "మా అమ్మాయి లేచిపోయిందండీ, ప్లీడరుగారూ" అని తండ్రి తల వంచుకొనెను. అల్లుడు నోరు మెదపలేదు. మా గుమాస్తా ఫిర్యాదు చిత్తు వ్రాయుచు "ఫలానావాడు లేపుకొనిపోయినాడు" అని మొదలుపెట్టెను. ఇరువది యేండ్లుగా మేము వినుచున్న మాటలే యైనను, నతానియేలు హాథారన్ వ్రాసిన "స్కార్లెట్ లెటర్" అను నవల ఆనాడు మా బల్లపై నుండుటచేత అవి క్రొత్తగా వినబడినవి.

"లేచిపోవు" అను మాటలో నింద యెక్కడ నున్నది? లేచుట తప్పు కాదు. పోవుట తప్పు కాదు. కొమ్మమీది పక్షి లేచిపోవును; సభ ముగియకముందే శ్రోత లేచిపోవును. స్త్రీ కర్త యైనప్పుడే ఈ క్రియకు మచ్చ అంటుకొనును. పురుషుడో, "లేపుకొనిపోవును", అనగా ఆమె ఒకరి యింటినుండి మఱియొకరు ఎత్తుకొనిపోయిన సొత్తు. అతని క్రియ సకర్మకము, ఆమె క్రియ అకర్మకము. అపరాధ మతనిది, అపకీర్తి యామెది.

హాథారన్ నవల 1850వ సంవత్సరమున వెలువడెను. కథాకాలము అంతకు రెండు వందల యేండ్లు ముందటిది. స్థలము అమెరికాలోని బోస్టను. పాపమును, నేరమును ఒక్కటిగా నెంచిన ప్యూరిటనులు ఆ ఊరిని పాలించుచుండిరి. భర్త దూరమున నుండగా బిడ్డను కనిన హెస్టరు అను స్త్రీని ఊరినడుమ బొండకొయ్యల మంచె నెక్కించి, వ్యభిచారమునకు సంకేతముగా "ఏ" అను ఆంగ్లాక్షరమును ఎఱ్ఱని గుడ్డతో ఱొమ్మున ధరింపవలెనని శాసించిరి. ఇది కవికల్పన మాత్రమే కాదు. ప్లిమతు వలసలో 1658లో ఇట్టి నేరమునకు రెండక్షరములు పైబట్టకు కుట్టుకొనవలెనని శాసనము కలదు. రచయిత పూర్వికు డొకడు 1692లో సేలము మంత్రగత్తెల విచారణలో కూర్చున్న న్యాయాధికారి. తన వంశపు తీర్పును తానే తిరిగి విచారించుటకు కలము పట్టినవానివలె హాథారన్ మాకు కనబడును.

ఆ యక్షరము అర్థము ఊరివారి చేతిలో నిలువలేదు. హెస్టరు దానిని బంగారు దారముతో అల్లెను. ఆమె సూదిపని గవర్నరు దుస్తులకును, శవముల బట్టలకును కావలసివచ్చెను. పెండ్లికూతురి మేలిముసుగునకు మాత్రము ఎవరును ఆమెను పిలువలేదు. ఈ యొక్క వివరము నూఱు ఉపన్యాసముల పెట్టు. రోగులను సేవించుచు ఆమె బ్రతుకగా, ఆ అక్షరమునకు "సమర్థురాలు" అని కొందఱు అర్థము చెప్పుకొనిరి. ఒక రాత్రి ఆకాశమున అట్టి వెలుగే కనబడెను. దానిని దోషి తన పాపముగా చదివికొనెను. ఆ రాత్రియే గవర్నరు మరణించుటచే ఊరివారు "దేవదూత" యని చదివిరి. గుఱుతు ఒక్కటే, చదువు కన్నులు వేఱు.

ఆ దోషి డిమ్స్‌డేలు అను మతగురువు. హెస్టరు అతని పేరు బయటపెట్టదు, అతడును పెట్టడు. వేదికపై "నేను పాపులలో పాపిని" అని పలుకును; వినువారు అతని వినయమునకు మఱింత కరగుదురు. ప్రార్థనాసమావేశములలో ఇట్టి సామాన్యవాక్యములు పలుకు అలవాటు మనకును కలదు గావున ఈ ఘట్టమును రెండు మాఱులు చదువుట మంచిది. అతడు మంచె నెక్కినది మొదట అర్ధరాత్రమున, చూచువారు లేనప్పుడు. పగటివేళ ఎక్కుటకు ఏడేండ్లు పట్టెను. ఎక్కి, అక్కడనే ప్రాణము విడిచెను.

అడవిలో హెస్టరు ఆ గుఱుతును ఊడదీసి పాఱవేయును, జుట్టు విప్పుకొనును, అంతవఱకు ఆమెను తప్పించుకొనిన యెండ మీద పడును. కాని కూతురు పెర్లు వాగు దాటి రాదు. అక్షరము లేని తల్లిని ఆ బిడ్డ ఎఱుగదు. తల్లి దానిని మరల తగిలించుకొనవలసివచ్చెను.

ఈ యడవిని చదువునప్పుడు మాకు చలముగారి "మైదానము" తలపునకు వచ్చెను. గుడిపాటి వెంకటచలము కాకినాడలో రఘుపతి వెంకటరత్నము నాయుడుగారి కాలేజీలో చదివి, బ్రాహ్మసమాజమున చేరి, పిదప దూరమైన వారు. ఈ బెజవాడలో నివసించి 1950లో అరుణాచలము చేరిరి. వారి నవల 1927 నాటిది. అందు రాజేశ్వరి భర్త వకీలు, మా వృత్తివాడే. అమీరుతో వెళ్లిన ఆమె తన కథ మొదలుపెట్టుటయే "లేచిపోయిన" దను మాటను సహింపలేక మొదలుపెట్టును. ఆమె ఱొమ్మున గుడ్డముక్క కుట్టలేదు. మన ఊళ్లలో ఆ పని నాలుకయే చేయును.

ఏఱు, చింతచెట్లు, ఎండ, గుడిసె: ఆ మాట వినబడని చోటు మైదానము. మనవారిలో పలువురు దానిని నీతిబాహ్యమని మూసివేసిరి, మఱికొందఱు స్వేచ్ఛాగీతమని పొగడిరి. ఇరువురును ఒక సంగతి దాటిపోయిరని మా యభిప్రాయము. ఆమె గర్భవతి కాగా అమీరునకు బిడ్డ అక్కఱలేదు; ఆమె యొడలిపై ఆజ్ఞ అతనిదే కావలెను. సంఘము చేరని చోటికిని యాజమాన్యము చేరినది. హెస్టరునకు పెర్లు మిగిలెను. రాజేశ్వరికి ఆ భాగ్యమును లేదు.

ఈ యాజమాన్యమునకు ధర్మాసనము ఆధారము లేకపోలేదు. 1860 నాటి శిక్షాస్మృతి 497వ విభాగము పరభార్యతో కూడిన పురుషుని శిక్షించెను. భర్త సమ్మతించినచో నేరమే లేదు! ఐదుగురు న్యాయమూర్తుల సుప్రీముకోర్టు ధర్మాసనము దానిని 2018 సెప్టెంబరు 27న కొట్టివేసెను. కాని పరభార్యను దురుద్దేశముతో "లేపుకొనిపోవుట" అను 498వ విభాగము చావలేదు. 2024 జులై 1న అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో 84వ విభాగమై నిలిచినది.

గుమాస్తా ఆ విభాగమే వ్రాసియుండెను. అమ్మాయి వయస్సెంత యని అడుగగా తండ్రి ఇరువదియాఱు అనెను. ఆమె యేమైన ఉత్తరము వ్రాసినదా యనగా అల్లుడు జేబులోనుండి ఒక మడత కాగితము తీసెను. ఎవరును తనను తీసికొనిపోలేదనియు, తానే వెళ్లుచున్నాననియు అందు స్పష్టముగా నున్నది. మేము చిత్తులోని మొదటి వాక్యము కొట్టివేసి, "తన యిష్టముతో ఇల్లు విడిచి వెళ్లినది" అని వ్రాసి చదివి వినిపించితిమి. "అట్లా రాస్తే కేసెక్కడుందండీ?" అని తండ్రి అడిగెను. లేదంటిమి. ఆయన కాగితములు తీసికొని మఱియొక వకీలు ఇంటి దారి పట్టెను. అల్లుడు మాత్రము గుమ్మమువద్ద క్షణమాగి, ఆ ఉత్తరమును జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకొనెను.