తక్కువ ఖర్చులో గోల్కొండ

విహారయాత్రకు పేర్లు రాసుకునేటప్పుడు, టిక్కెట్టుకు డబ్బుల్లేక మా గదిలో ఇద్దరు ఆగిపోయారు. పురావస్తు శాఖ కట్టడాలకు పదిహేనేళ్లలోపు పిల్లలకు టిక్కెట్టే లేదని తర్వాతెప్పుడో తెలిసింది. తమ్ముళ్లూ, వయసు రుజువు వెంట ఉంచుకోండి. కోట దాకా సిటీ బస్సు చాలు. నీళ్లు, పులిహోర హాస్టల్ నుంచే కట్టుకోండి.

గైడు లేకున్నా చప్పట్ల వింత మనమే చూడొచ్చు. సగంమంది ముందు ద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొట్టండి, తక్కినవాళ్లు కొండపైన బారాదరిలో చెవులు రిక్కించండి. శబ్దం గుమ్మటానికి తగిలి పైకి వినిపిస్తుంది. ఇంత కట్టుదిట్టం ఉన్నా, ఎనిమిది నెలలు ఔరంగజేబు సైన్యానికి లొంగని కోట 1687లో లోపలివాళ్లే తలుపు తీయడంతో పడిపోయింది!

దిగేటప్పుడు రామదాసు చెరసాల దగ్గర కాసేపు నిలబడండి. ఆయన చెక్కినవని చెప్పే దేవుడి బొమ్మలు గోడమీద ఉన్నాయి.