ఏ డబ్బా దేనికి?

మన రాత్రి బడికి వరంగల్ ఆటోనగర్ నుంచి ఒక తమ్ముడు వస్తాడు. మెకానిక్ షెడ్డులో పని. ఒకరోజు పలక పట్టుకోలేకపోయాడు. అరచేతులు తెల్లగా పగిలి ఉన్నాయి.

"సామాను దేనితో కడుగుతవు తమ్మీ?" అని అడిగాను.

"పెట్రోలు సార్. మురికి జల్ది పోతది. దాంతోనే చేతులు సుత కడుక్కుంట."

మురికి పోయే మాట నిజమే. కానీ పెట్రోలు తొందరగా ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి గాలికన్న బరువు. నేల మీద పాకుతూ పోతుంది. దూరంగా ఎవరో బీడీకి అగ్గిపుల్ల గీస్తారు. మంట అక్కడ పుట్టి మన దగ్గరికి వస్తుంది. ఇంకో సంగతి. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. అది ఊపిరి గుండా, చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. ఏండ్ల తరబడి పోతే రక్త క్యాన్సర్ రావచ్చు.

ఇంజను జిడ్డుకు, చైనుకు గ్యాసునూనె, బ్రష్షు చాలు. గ్యాసునూనె అంత తొందరగా అంటుకోదు. వేడి 35 డిగ్రీలు దాటితేనే దాని ఆవిరి అంటుకుంటుంది. అయితే వరంగల్ ఎండలు 40 దాటుతాయి కదా! మే నెలలో దాన్ని కూడా నమ్మకండి. చేతులకు తొడుగులు వేసుకోండి. పని అయ్యాక సబ్బుతో కడుక్కోండి.

బ్రేకుల దగ్గర మాత్రం గ్యాసునూనె వాడరాదు. అది ఆరినా జిడ్డు మిగులుతుంది. బ్రేక్ షూ ఆ జిడ్డును పీల్చుకుంటుంది. ఇక కాజీపేట వంతెన దిగే ఆటో ఎట్లా ఆగుతుంది? అందుకే బ్రేక్ క్లీనర్ స్ప్రే వాడాలి. అది ఏమీ మిగల్చకుండా ఆరిపోతుంది. డ్రమ్ములో దుమ్మును గాలితో ఊదకండి. అందులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. తడిపి తుడవండి. బ్రేక్ సిలిండర్ లోపలి రబ్బరు వాషర్లకు పెట్రోలు, గ్యాసునూనె తగిలితే ఉబ్బుతాయి. వాటిని కొత్త బ్రేక్ ఆయిలుతోనే కడగాలి.

కార్బురేటర్ క్లీనర్ వేరు. పాత పెట్రోలు ఎండి బంకలా పట్టి, జెట్టు రంధ్రం మూసుకుపోతుంది. ఈ స్ప్రే ఆ బంకను కరిగిస్తుంది. రబ్బరునూ, పెయింటునూ కూడా తింటుంది. రబ్బరు ముక్కలు ముందే తీసెయ్యండి. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.-6 నియమం వచ్చాక కొత్త మోటారు సైకిళ్ళలో కార్బురేటరు దాదాపు పోయింది. పాత బండ్లకే ఇది కావాలి.

బ్రేక్ క్లీనర్లు రెండు రకాలు. క్లోరిన్ లేనిది భగ్గున మండుతుంది. క్లోరిన్ ఉన్నది సాధారణంగా మండదు. అది ఇంకా మోసం! వెల్డింగు వేడి తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. 1914-18 ప్రపంచ యుద్ధంలో సైనికులను చంపిన వాయువు అదే. స్ప్రే కొట్టిన ముక్కకు వెల్డింగు పెట్టకండి. ముందు సబ్బునీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి.

చాలా డబ్బాల మీద తెలుగు ఉండదు. ఇది కంపెనీల తప్పే. బొమ్మలు మాత్రం ఉంటాయి. ఎర్ర గీతల డైమండులో మంట ఉంటే అంటుకుంటుందని అర్థం. పుర్రె ఉంటే విషం.

మరునాడు తమ్ముడు షెడ్డు నుంచి మూడు ఖాళీ డబ్బాలు తెచ్చాడు. రెండింటి మీద మంట ఉంది. మూడో దాని కాగితం చిరిగిపోయింది. "ఇది దేనిది సార్?" అన్నాడు. వాసన చూసి చెప్పబోయాడు. నేను ఆపాను.

చెప్పండి:
ఆ మూడో డబ్బాను మీరైతే ఏం చేస్తారు?
మీ షెడ్డులో డబ్బాల మీద ఏ బొమ్మలు ఉన్నాయి? చూసి, పలక మీద గీయండి.