పుట్టినరోజు పూజలో ఏం చెప్పను?

ప్రశ్న: వచ్చే నెల నాకు అరవై నిండుతాయి. ఆ ఆదివారం పూజ అయ్యాక, విశ్వాసం నాకు నేర్పిన పాఠాల గురించి అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు ఫాదర్ గారు. నేను అయిదో తరగతి వరకే చదివాను. మా ఆయన పోయాక తునికాకు కోసి, మిరప కోతలకు వెళ్లి ఇద్దరు పిల్లల్ని పెంచాను. ఆయనకు జ్వరం తగ్గాలని రాత్రంతా జపమాల చెప్పాను. తగ్గలేదు. అలాంటిదాన్ని లేచి నిలబడి ఏం చెప్పను?
– ఒక సోదరి, చర్ల మండలం

జవాబు: జపమాల చెప్పాను, తగ్గలేదు. మొదట ఈ మాటే చెప్పండమ్మా. మన గుళ్లలో సాక్ష్యమంటే ‘అడిగాను, ఇచ్చాడు’ అనేదే అయిపోయింది. ఉద్యోగం వచ్చింది, గడ్డ కరిగింది, వీసా దొరికింది. వెనక చాప మీద కూర్చున్న ఇంకో తల్లి అది విని, నా బిడ్డ బతకలేదంటే నా విశ్వాసంలోనే ఏదో లోటు ఉందని కుమిలిపోతూ ఇంటికి పోతుంది. ఆమెకు మీ మాట కావాలి.

మంగళ, శుక్రవారాల్లో మీరు చెప్పే దుఃఖ దేవరహస్యాల్లో మొదటిది తలచుకోండి. గెత్సేమని తోటలో యేసుప్రభువు ఆ శ్రమ తనకు తప్పించమని తండ్రిని అడిగాడు. తప్పలేదు. సాక్షాత్తు కొడుకు అడిగినదే జరగలేదు. దాన్ని తిరుసభ దాచిపెట్టలేదు, వారానికి రెండుసార్లు మన నోటితో చెప్పిస్తోంది. ఇన్నేళ్లుగా మీ వేళ్లు తిప్పుతున్న పూసల్లోనే మీ కథ ఉంటే, పాఠాలు రావని ఎలా అంటారు?

తర్వాత మనుషుల గురించి చెప్పండి. ఆ రాత్రి మీ గడపలో ఎవరు కూర్చున్నారు? దినం అయ్యేదాకా బియ్యం ఎవరు పంపారు? మీరు కల్లం దగ్గర కూలికి పోతే చంటిదాన్ని ఎవరు ఎత్తుకున్నారు? వాళ్ల పేర్లు గుడిలో అందరి ముందూ చెప్పండి. దేవుడు ఏమీ ఇవ్వలేదని మీకు అనిపించొచ్చు. వాళ్లను లెక్కేశాక ఆ మాట అనగలరేమో చూడండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెబుతాను. తిరుసభ పంచాంగంలో పుట్టుక పండుగలు మూడే: డిసెంబరు 25న ప్రభువుది, సెప్టెంబరు 8న మరియమ్మది, జూన్ 24న స్నాపక యోహానుది. మిగతా పునీతుల్లో ఎక్కువ మందికి కన్నుమూసిన రోజే పండుగ. పరలోకంలో పుట్టింది ఆ రోజునే అని మన నమ్మకం. మదర్ థెరిసా పుట్టింది 1910 ఆగస్టు 26న. పండుగ మాత్రం ఆమె పోయిన సెప్టెంబరు 5న. కాబట్టి మీ పుట్టినరోజు పూజ తలంపులో మీ ఆయన పేరు కూడా రాయించండి. పిల్లలు కేకు తెస్తామంటే తేనివ్వండి. ఫ్లెక్సీ మాత్రం వద్దనండి.

ప్రశ్న: మా అబ్బాయి పుట్టినరోజు ఈసారి విభూది బుధవారం వచ్చింది. బిర్యానీ పెట్టొచ్చా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: వద్దు. గురువారం పెట్టండి.

ప్రశ్న: బళ్లో చేర్చినప్పుడు సార్లు నా పుట్టిన తేదీ జూలై 1 అని రాసుకున్నారు. మా తరగతిలో సగం మందికి అదే తేదీ. అమ్మేమో ‘పెద్ద వరద పోయిన నెలకు పుట్టావురా’ అంటుంది. కృతజ్ఞతా పూజ ఏ రోజు పెట్టించుకోను?
– ఒక సోదరుడు, దుమ్ముగూడెం

జవాబు: మీ బడి రిజిస్టరు కంటే మీ అమ్మ మాటే నమ్మదగ్గది తమ్ముడూ. పెద్ద వరదంటే 1986దే అయ్యుండాలి. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. చివరి ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారంటే, ఆ నీళ్లు చూసిన తల్లి తేదీ మరిచిపోతుందా? నెల కలిపితే సెప్టెంబరు నడిమికి వస్తుంది.

అయితే అంతకంటే గట్టి ఆధారం ఇంకొకటి ఉంది. పసితనంలో మీకు ఏ విచారణలో జ్ఞానస్నానం ఇచ్చారో అమ్మనడిగి అక్కడికి వెళ్లండి. జ్ఞానస్నాన రిజిస్టరులో పుట్టిన తేదీ, జ్ఞానస్నానం తేదీ, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు రాయాలని తిరుసభ చట్టం. భద్రమైన అభ్యంగనం, పెళ్లి జరిగినప్పుడు ఆ వివరాలూ ఆ పేరు దగ్గరే చేర్చాలి. మీరు పుట్టేనాటికి ఖమ్మం మేత్రాసనం లేదు. వరంగల్ నుంచి విడదీసి 1988 జనవరి 19న ఏర్పాటు చేశారు. అందుకని పాత పుస్తకం ఎక్కడుందోనని కంగారు పడొద్దు, ముందు విచారణలోనే అడగండి. గుడిలో పెళ్లి చేసుకుని ఉంటే అప్పుడు మీరిచ్చిన జ్ఞానస్నాన పత్రం చూడండి, తిరగాల్సిన పనే ఉండకపోవచ్చు.

పూజ మాత్రం జ్ఞానస్నానం రోజునే పెట్టించుకోండి. పుట్టినరోజున మీ అమ్మ ఒక్కతే మిమ్మల్ని మోసింది. జ్ఞానస్నానం రోజున ఊరంతా మీ బాధ్యత ఎత్తుకుంది. ఆ పుస్తకంలో మీ జ్ఞానతండ్రి పేరు కూడా దొరుకుతుంది. బతికుంటే పూజకు ముందే ఒక పంచె తీసుకుని వెళ్లి, రమ్మని పిలవండి.